ఉప్పుకు కరిగిన మూపురం

తడి చున్నీ రెండో కొస పట్టుకోవడమే సమీరా నేర్చుకున్న మొదటి పని. సంగారెడ్డి బజారులో, పీకో-ఫాల్ దుకాణం పక్క సందులో, ఆమె తండ్రి అబ్దుల్ గనీ బట్టలకు రంగులద్దుతాడు. దుకాణమంటే ఒక రేకుల వసారా, రెండు గ్యాసు పొయ్యిలు, మసిబట్టిన బగోనలు, తీగ మీద వేలాడే గుడ్డపీలికలు. పెళ్లిళ్ల కాలంలో ఆడవాళ్లు జాకెట్టు ముక్క తెచ్చి, "భాయ్, చున్నీ దీనికి కలవాలె, జెర కూడా తేడా రావొద్దు" అని అక్కడే బల్ల మీద కూర్చుంటారు. ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, డబ్బాల్లోంచి రంగుపొడి తీస్తాడు. రంగు పడ్డాక చున్నీని పిండి, ఒక కొస తాను పట్టుకుని రెండో కొస కూతురికిస్తాడు. సందు పొడవునా నిలబడి ఇద్దరూ దాన్ని గాలికి ఊపుతారు. ఆరుతున్న చున్నీ బరువు తగ్గడం వేళ్లకు తెలుస్తూ ఉంటుంది. ఎక్కాలు, పద్యాలు, ఆ తర్వాత మూలకాల పట్టిక, అన్నీ సమీరా అలా చున్నీ ఊపుతూనే బట్టీ పట్టింది.

అబ్దుల్ గనీకి కొన్ని పట్టింపులున్నాయి. గుడ్డనంతా ఒక్కసారి ముంచడు, ముందు కొస ముంచి చూస్తాడు. ట్యూబ్‌లైటు కింద ఏ రంగునూ ఖాయం చేయడు, వీధిలోకి తెచ్చి ఎండలో చూడాల్సిందే. నూలు గుడ్డ మొండికేసి రంగు పట్టకపోతే మరిగే బగోనలో పిడికెడు ఉప్పు వేస్తాడు. ఉప్పు పడగానే నీళ్లలో తిరుగుతున్న రంగు వెళ్లి గుడ్డను పట్టుకుంటుంది. ఆ ఉప్పు వేసే పని చిన్నప్పటి నుంచీ సమీరాది. "బేటా, పడ్తలేదు," అని ఆయన అంటే చాలు, ఆమె చెయ్యి తనంతట తానే ఉప్పు డబ్బా మీదికి పోయేది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఆమె సుల్తాన్‌పూర్‌లోని ఒక చిన్న కంపెనీలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు, ఇంటర్వ్యూ చేసిన రాజారావు గారు, "నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. చుట్టూ టై కట్టుకున్న కుర్రాళ్లున్నారు. సమీరా తల దించుకుని, "బిజినెస్, సార్," అంది.

ఆ కంపెనీ తయారు చేసేది కూడా రంగులే. కాకపోతే ఆ రంగు పట్టాల్సింది గుడ్డకు కాదు, డీఎన్ఏకు. జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష కిట్లలో డీఎన్ఏ ఉన్నదీ లేనిదీ కంటికి కనబడదు. దాన్ని పట్టుకుని మెరిసే రంగు ఒకటి కావాలి. మెరుపు కనబడితే డీఎన్ఏ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

చేరిన మొదటి రోజు రాజారావు గారు ఆమెను ఒక చీకటి గదిలోకి తీసుకెళ్లారు. చిన్న గాజు గొట్టంలో నారింజరంగు నీళ్లు. దాని మీద నీలం టార్చి వేశారు. ఏమీ జరగలేదు.

"చూశావా? ఒంటరిగా ఉంటే ఇది మెరవదు. నీళ్లలో ఊగుతూ, మెలికలు తిరుగుతూ, మనమిచ్చిన వెలుగునంతా ఆ కదలికల్లోనే ఖర్చు పెట్టేస్తుంది. ఇప్పుడు చూడు."

చేపల నుంచి తీసిన డీఎన్ఏ ఒక చుక్క వేసి గొట్టాన్ని కదిపారు. నారింజరంగు నీళ్లు ఒక్కసారిగా ఆకుపచ్చగా వెలిగాయి. ఆ వెలుగు పైనుంచి పడ్డట్టు లేదు, నీళ్ల లోపలి నుంచే పుట్టినట్టుంది. గోడ మీద, రాజారావు గారి కళ్లద్దాల మీద, సమీరా మునివేళ్ల మీద ఆ ఆకుపచ్చే.

"డీఎన్ఏ అంటే మెలితిరిగిన మెట్ల వరస అనుకో. మెట్టుకీ మెట్టుకీ మధ్య సందులోకి రంగు అణువు దూరుతుంది. దూరాక ఊగడానికి చోటుండదు. ఊగలేక వెలుగుతుంది."

ఆ సాయంత్రం సమీరా సంగారెడ్డి బస్టాండు నుంచి ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తింది. తండ్రి పొయ్యి ముందున్నాడు.

"అబ్బా, ఇవాళ ఒక ఆకుపచ్చ చూసిన. గసుంటిది మీ డబ్బాల్ల లేదు."

"నా డబ్బాల్ల లేని ఆకుపచ్చనా?" ఆయన రోషంగా చూశాడు. "ఏ ఆకుపచ్చ? మెంతికూరనా, చిలకనా, పిస్తానా?"

"ఏదీ గాదు."

"ఎండల చూసినవా?"

"చీకట్ల చూసిన."

"గట్లనైతే చూడనట్టే," అని ఆయన తేల్చేసి బగోన కలుపుకున్నాడు.

*

ఆ మెరుపును కొలిచే యంత్రం పేరు స్పెక్ట్రోఫ్లోరిమీటర్. అంత పేరు ఎవరూ పలకరు, అందరూ ఫ్లోరో అంటారు. దానిలో ఒక దీపం ఉంటుంది. దాని వెలుగులో మనకు కావలసిన రంగును మాత్రమే వేరుచేసి, వేలెడంత గాజుపెట్టెలోని ద్రవం మీదికి పంపుతుంది. ద్రవం తిరిగి వెదజల్లే మెరుపును పక్క నుంచి చూస్తుంది, దీపం వెలుగు తన కంట్లో పడకుండా. ఏ రంగు మెరుపు ఎంతుందో తెర మీద గీత గీసి చూపిస్తుంది. మంచి రంగైతే ఆ గీత ఆకుపచ్చ దగ్గర ఒకే ఒక్క శిఖరంలా లేస్తుంది.

ఫ్లోరో దీపం ఊరికే వేసి ఆర్పితే తొందరగా చెడిపోతుంది. అందుకని ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. పొద్దున దీపం వేసేదీ సాయంత్రం ఆర్పేదీ ఒకరే మనిషి. ఆ మనిషిదే యంత్రం బాధ్యత. అప్పటిదాకా ఆ పని రాజారావు గారే చేస్తూ వచ్చారు. కొత్తగా తయారైన రంగు గనక నెగ్గితే, ఫ్లోరోకు ఒక మనిషిని ఖాయంగా వేస్తామని మేనేజ్‌మెంటు ఒప్పుకుంది. నెగ్గకపోతే ఈ పనే మూలపడుతుంది. ట్రైనీగా చేరిన సమీరాను ప్యాకింగ్ పక్కకు పంపి, సీసాల మీద లేబుళ్లు సరిచూసే పని ఇస్తారు. ఆ మాట ఆమెకు ముందే చెప్పారు.

సమీరాకు లేబుళ్ల పని అంటే చిన్నచూపు లేదు. కానీ ఆ చీకటి గదిని వదలాలని లేదు. సెలవు రోజుల్లో కూడా ఆమెకు ఆ ఆకుపచ్చే గుర్తొచ్చేది.

కాజీపల్లిలో ఉన్న కంపెనీ తయారీ యూనిట్ నుంచి కొత్త రంగు వచ్చింది. ముదురు మెరూన్ పొడి. రాజారావు గారు పని చెప్పారు: గాజుపెట్టెలో రంగు పోసి, డీఎన్ఏను కొద్దికొద్దిగా కలుపుతూ, ప్రతిసారీ గీత తీయాలి. సమీరా తీసింది. శిఖరం లేచింది, కానీ దాని వెనక, ఎరుపు వైపు, ఇంకో చిన్న గుట్ట లేచింది.

"గిది ఒంటెలెక్కున్నదేంది?" అన్నాడు రాకేష్. హత్నూర నుంచి వచ్చే కుర్రాడు, పక్క గదిలో కిట్ల పని చూస్తాడు, ఏ గదిలో ఏం జరిగినా ముందు అతని తలే లోపలికొస్తుంది.

"ఒంటె కాదు, ఎద్దు. మూపురం సూడు," అంది సమీరా, నవ్వు రాకపోయినా.

మళ్లీ తీసింది. గాజుపెట్టె కడిగి తీసింది. డీఎన్ఏ మార్చి తీసింది. మూపురం అక్కడే ఉంది. రాజారావు గారు గీతను చాలాసేపు చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మాలిన్యం అయ్యుంటుందమ్మా. తయారీలో ఏదో వేరే పదార్థం మిగిలిపోయి, అదీ మెరుస్తోంది. గురువారం పుణె నుంచి కిట్ల కంపెనీ వాళ్లొస్తున్నారు. ఈ మూపురం చూపించి రంగు అమ్మలేం. అప్పటికి ఇది ఏమిటో తేలకపోతే బ్యాచ్ వెనక్కి పంపేద్దాం."

బ్యాచ్ వెనక్కి పోతే తన దారి ఎటో సమీరాకు తెలుసు.

*

బుధవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆమె మరోసారి మొదటి నుంచి మొదలుపెట్టింది. రంగు పోసింది. డీఎన్ఏ చాలా కొంచెం వేసింది. గీత తీసింది. ఆకుపచ్చ శిఖరం పొట్టిగా, నీరసంగా లేచింది. ఎర్ర మూపురం మాత్రం దర్జాగా కూర్చుంది.

రంగు పట్టలేదు, అనుకుంది సమీరా.

అంతే. ఆ తర్వాత జరిగింది ఆమె అనుకుని చేసింది కాదు. బల్ల మీద రాకేష్ కిట్ల కోసం కలిపి పెట్టుకున్న ఉప్పు ద్రావణం సీసా ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి పోయింది. పిపెట్‌తో ఉప్పునీళ్లు తీసి గాజుపెట్టెలో వేసి, మూత పెట్టి, బటన్ నొక్కింది. చిన్నప్పటి నుంచీ చేసిన పని అది. రంగు పట్టకపోతే ఉప్పు.

బటన్ నొక్కాక గానీ ఆమెకు తట్టలేదు. ఇది బగోన కాదు. చెప్పిన పద్ధతిలో ఉప్పు లేదు. పైగా ఇక్కడ ఉప్పు ఉల్టా పని చేస్తుందని పుస్తకంలో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

గీత మెల్లగా తెర మీద కదిలింది. ఆకుపచ్చ శిఖరం కాస్త తగ్గినా నిలబడే ఉంది. తర్వాత గీత ఎరుపు వైపు వచ్చింది. మూపురం సగమైంది.

సమీరా ఇంకొంచెం ఉప్పు వేసింది. మూపురం ఇంకా కుంగింది. ఇంకొంచెం. ఇప్పుడక్కడ చదునుగా ఉంది. ఆకుపచ్చ శిఖరం మాత్రం ఒంటరిగా, నున్నగా నిలబడింది.

"రాకేష్," అని పిలిచింది. తెర మీంచి కళ్లు తియ్యకుండానే మళ్లీ పిలిచింది.

అతను వచ్చి తెర చూశాడు. "మూపురం యాడికి పోయింది?"

"ఉప్పేసిన."

"ఏం ఉప్పు?"

"నీ సీసాల ఉప్పు."

రాకేష్ గోడకు ఆనుకుని నవ్వాడు. "ఏంది సమీరా, పప్పుచారు అనుకున్నవా? తాలింపు గూడ పెట్టకపోయినవా." నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "సర్‌కు చెప్పకు. పద్ధతిల లేనిది ఎందుకు జేసినవ్ అంటడు. ట్రైనీవి. జల్దీ కడిగేసి మళ్ల మొదలుపెట్టు. నేనేం సూడలే."

"కడిగేస్తే మూపురం పోయిన సంగతి కూడా పోతది కదా."

"పోనీ."

"పోనియ్య," అంది సమీరా. అంత గట్టిగా అన్నందుకు తనే ఆశ్చర్యపోయింది. ఎవరి ముందూ నోరెత్తని మనిషి ఆ మూడు గీతలున్న కాగితం తీసుకుని రాజారావు గారి గదికి వెళ్లింది.

ఆయన గీతలు చూశారు, ఆమెను చూశారు.

"ఉప్పు ఎందుకు వేశావు?"

"పొరపాటున, సార్."

"పొరపాటున పిపెట్ మూడుసార్లు నిండదమ్మా." ఆయన కోప్పడలేదు, కానీ నవ్వనూ లేదు. "ఉప్పు వేసి చూడటం పుస్తకంలో ఉన్నదే. రేపు పొద్దున నేనూ వేయిద్దామనే అనుకున్నా. అయితే చెప్పకుండా వేయడం తప్పు. మళ్లీ చేయకు."

"చెయ్యను, సార్. కానీ సార్, మూపురం పోయింది. అంటే అది మాలిన్యం కాదేమో."

"ఎలా చెప్పగలవు? రంగు లోపల దూరి ఉండొచ్చు, మాలిన్యం బయట అంటుకుని ఉండొచ్చు. ఉప్పు ఆ మాలిన్యాన్ని కడిగేసి ఉండొచ్చు. బయట అంటుకున్నది కూడా మన రంగేనని ఏమిటి రుజువు?"

సమీరా ఆయన చేతిలోని గీతల వైపే చూసింది.

"రేపు మధ్యాహ్నం దాకా టైముంది," అని ఆయన కాగితం తిరిగి ఇచ్చేశారు.

*

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. అబ్దుల్ గనీ ఒక తడి చున్నీ చివర పట్టుకుని ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. సమీరా సంచి గూట్లో పెట్టి రెండో కొస అందుకుంది.

"అబ్బా, మీ ఉప్పు మా దగ్గర ఉల్టా పని జేసింది."

"ఉప్పు ఉల్టా చేసుడేంది? ఉప్పేస్తే రంగు పట్టాలె."

"పట్టింది ఊడింది."

ఆయన చున్నీ ఊపడం ఆపేశాడు. నలభై ఏళ్ల అనుభవం మీద ఎవరో నీళ్లు పోసినట్టు చూశాడు. సమీరా చున్నీ ఊపుతూనే చెప్పింది. నీళ్లలో నూలు గుడ్డకూ, ఆయన వాడే రంగుకూ ఒకే రకం విద్యుత్తు ఉంటుంది. ఒకే రకం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు వాటి మధ్య దూరి ఆ తోపులాటను చల్లారుస్తుంది, అప్పుడు రంగు గుడ్డను చేరుతుంది. డీఎన్ఏకూ తన రంగుకూ అలా కాదు. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అవి ముందే ఒకదానికొకటి లాక్కుంటాయి. అక్కడ కూడా ఉప్పు మధ్యలో దూరుతుంది, ఆ లాగుడును చల్లారుస్తుంది.

అబ్దుల్ గనీ ఆలోచించాడు. "అంటే కొట్లాట అయితాంటే నడుమ దూరి ఆపుతది. దోస్తానా ఉంటే గూడ నడుమ దూరి ఆపుతది."

"అవునబ్బా."

"ఉప్పుకు ఒక మర్యాద లేదన్నట్టు," అన్నాడు ఆయన. ఓడిపోయినందుకు బాధ పడాల్సింది పోయి, ముఖమంతా వెలిగిపోయింది. "ఇన్ని దినాలు మంచిదనుకున్న దాన్ని."

లోపలి నుంచి తల్లి షాహజాదీ గొంతు వినబడింది. "తండ్రీబిడ్డల ఉప్పు పంచాయతీ ఒడిసినంక, ఇంట్ల ఉప్పు లేదు, తీస్కరండ్రి."

సమీరా నవ్వింది. కానీ నవ్వుతున్నంతసేపూ రాజారావు గారి ప్రశ్న తలలో తిరుగుతూనే ఉంది. బయట అంటుకున్నది ఎవరు?

*

పొద్దున పటాన్‌చెరులో సుల్తాన్‌పూర్ వైపు పోయే బస్సు షిఫ్టు జనంతో కిక్కిరిసి వచ్చింది. సమీరా ఎలాగో లోపల ఒక రాడ్డు పట్టుకుని నిలబడింది. సీట్లలో ఉన్నవాళ్లు ఒదిగి కూర్చున్నారు, కదలడానికి చోటు లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఫుట్‌బోర్డు మీద గుత్తులుగా వేలాడుతున్న కుర్రాళ్లు. ఒకరి భుజం ఒకరికి తగులుతూ, ఒకరి చెయ్యి మీద ఇంకొకరి చెయ్యి.

"అరే భాయ్, పావ్ హటావ్," అని ఒకడు కాలు జరపమంటూ అరుస్తున్నాడు.

"యాడ పెట్టాలె? నీ నెత్తి మీద పెట్టాల్నా?" అని ఇంకొకడు.

అప్పుడు వెనక ఇంకో బస్సు వచ్చింది, దాదాపు ఖాళీగా. ఎవరూ చెప్పకుండానే ఫుట్‌బోర్డు గుత్తి మొత్తం విడిపోయింది. కుర్రాళ్లు దూకి, పరుగెత్తి, వెనక బస్సులోకి ఎక్కారు. కిటికీలోంచి సమీరాకు వాళ్లు కనబడ్డారు. ఇందాక ఒకరినొకరు తోసుకుంటూ అరిచినవాళ్లే ఇప్పుడు సీట్లలో బుద్ధిగా కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.

ఫుట్‌బోర్డు మీద ఉన్నవాళ్లు వేరే జాతి మనుషులు కాదు. సీటు దొరకని ప్రయాణికులు.

సమీరా రాడ్డును రెండు చేతులా పట్టుకుంది. తాను చేసిన ప్రయోగాల్లో రంగు ఎక్కువ, డీఎన్ఏ తక్కువ. బస్సు చిన్నది, జనం ఎక్కువ. మెట్ల మధ్య సందులు నిండిపోయాక మిగిలిన రంగు బయటి అంచుకు వేలాడింది, ఒకదాని మీద ఒకటి పడుతూ. ఆ తొక్కిసలాట మెరుపే ఎర్ర మూపురం. ఉప్పు వచ్చి అంచును పట్టుకునేసరికి వేలాడేవాళ్లు దిగిపోయారు, సీట్లలో ఉన్నవాళ్లు మిగిలారు. మరి ఉప్పు ఒక్క చుక్క కూడా వేయకుండా, ఇంకో పెద్ద బస్సు తెచ్చి పెడితే?

మాలిన్యమైతే డీఎన్ఏ ఎంతున్నా దాని మూపురం దానికి ఉండాలి. రంగే అయితే అందరికీ సీట్లు దొరకాలి.

"ఏందమ్మా, నవ్వుకుంటున్నవ్," అంది పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఒక ఆవిడ.

"బస్సు మంచిగున్నదక్కా," అంది సమీరా.

ఆవిడ ఆ బస్సును పైనుంచి కింది దాకా చూసి, ఈ పిల్లకు జ్వరమేమోనన్నట్టు ముఖం పెట్టింది.

*

దిగిన దగ్గర నుంచి గేటు దాకా ఆమె పరుగెత్తింది. ఈసారి ముందు రాజారావు గారి గదికి వెళ్లి, ఏం చేయబోతున్నదీ ఎందుకు చేయబోతున్నదీ చెప్పి, ఆయన తలూపాకే యంత్రం దగ్గరికి వచ్చింది. దీపం ఆయన అప్పటికే వేసి ఉంచారు.

రంగు నిన్నటంతే. డీఎన్ఏ మాత్రం నిన్నటి కంటే చాలా ఎక్కువ. ఉప్పు లేదు. మూత పెట్టింది. బటన్ నొక్కింది. రాకేష్ వచ్చి వెనక నిలబడ్డాడు.

గీత లేచింది. ఆకుపచ్చ దగ్గర పైకి, ఇంకా పైకి, ఇదివరకు ఎన్నడూ చూడనంత ఎత్తుకు పోయింది. అక్కడి నుంచి నున్నగా దిగింది. ఎరుపు వైపు వచ్చింది. సమీరా కళ్లు మూసుకుంది.

"కండ్లు తెర్వు," అన్నాడు రాకేష్. "సాఫ్ ఉన్నది."

మూపురం లేదు. ఉప్పు లేకుండానే లేదు.

ఇక ఆమె చేతులు ఆగలేదు. అదే గాజుపెట్టెలో రంగును కొద్దికొద్దిగా పెంచుతూ పోయింది. కొంతసేపు శిఖరమే పెరిగింది. సీట్లు నిండాయనుకున్న దగ్గర, సరిగ్గా ఆమె అనుకున్నట్టే, ఎరుపు వైపు చిన్న బుడిపె లేచింది. ఇంకాస్త రంగు వేస్తే మూపురమైంది. ఉప్పు వేస్తే కుంగింది. ఒక ఎద్దు తన మాట విని కూర్చుని లేస్తున్నట్టుంది సమీరాకు.

రాజారావు గారు లోపలికి వచ్చి గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూశారు. "ఇంకొక్కటి. ఉప్పులో ఉంచి, రంగు ఎంత వెలుగు మింగుతోందో కూడా తీయి. డీఎన్ఏ కలిపినప్పుడల్లా ఒక గీత."

అది పక్క యంత్రంలో తీశారు. ఇదివరకు ఉప్పు లేకుండా తీసినప్పుడు ఆ గీతలు చెదిరిన దారాల్లా ఒకదాన్నొకటి ఎక్కడపడితే అక్కడ దాటేవి. ఇప్పుడు అన్నీ ఒకే చోట ముడివేసినట్టు దాటాయి. రాజారావు గారు ఆ ముడి మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఒకే ముడి వచ్చిందంటే రంగుకు ఇప్పుడు రెండే స్థితులు. నీళ్లలో ఉండటం, లేదా డీఎన్ఏ సందులో ఉండటం. మూడోది లేదు. బ్యాచ్ శుభ్రంగా ఉందమ్మా."

*

పుణె కంపెనీ తరఫున వచ్చిన నిషిత తెలుగమ్మాయే, వరంగల్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడింది. మీటింగులో రాజారావు గారు మూపురం ఉన్న గీతనే ముందుగా తెర మీద పెట్టి, "దీని సంగతి సమీరా చెబుతుంది," అని కూర్చుండిపోయారు.

సమీరా లేచింది. ఇంగ్లీషులో రాసుకున్న మొదటి వాక్యం మర్చిపోయింది. నిషిత ముఖం వైపు చూసి, తెలుగులోనే, "మేడం, మీరు పటాన్‌చెరు బస్సు ఎప్పుడన్న ఎక్కిండ్రా?" అని అడిగింది.

రాకేష్ బల్ల కింద ముఖం దాచుకున్నాడు. నిషిత మాత్రం నవ్వి, "చదువుకునే రోజుల్ల ఎక్కిన. ఎందుకు?" అంది.

ఆ తర్వాత సమీరాకు మాటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. సీట్లు, ఫుట్‌బోర్డు, వెనక బస్సు, ఉప్పు, ముడి. ఒక్కో గీత చూపిస్తూ చెప్పింది. మధ్యలో ఎవరో ప్రశ్న అడిగితే, మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేసి, నాలుక కరుచుకుంది.

"మా కిట్ల ఉప్పు ఉంటది," అంది నిషిత. "రంగు తక్కువ వాడుతం. ఉప్పు ఎక్కువైతే లోపటున్నది గూడ దిగిపోతదా?"

"చాలా ఎక్కువైతే కొంత దిగుతది, మేడం. మీ కిట్ల ఉండేటంత ఉప్పుల కూడా తీసిన. సూడండ్రి." ఆ గీత తెర మీదికి వచ్చింది. ఆకుపచ్చ శిఖరం ఒక్కటే.

నిషిత తన పక్కనున్న ఆయనతో ఒక్క క్షణం మాట్లాడి, "బ్యాచ్ తీస్కుంటం," అంది. తర్వాత, లేవబోతూ ఆగి, "అసలు మొదటిసారి ఉప్పు ఎందుకేయబుద్ధి అయింది?" అని అడిగింది.

రాజారావు గారు కూడా తలెత్తి చూశారు. ఆయన అడిగి సరైన జవాబు రాని ప్రశ్న అది. సమీరా బల్ల అంచు పట్టుకుంది. చుట్టూ ఆ రోజు కూడా టై కట్టుకున్నవాళ్లున్నారు.

"మా అబ్బా సంగారెడ్డిల చున్నీలకు రంగులద్దుతరు," అంది. "రంగు పట్టకపోతే ఉప్పెయ్యాలె అని చిన్నప్పటి సంది నేనే ఏసేది. నిన్న చెయ్యి గట్లనే పోయింది. మా అబ్బా లెక్క ఇక్కడ తప్పయింది. కానీ తప్పయితేనే ఇది కనబడ్డది."

రాజారావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. సంతోషం వచ్చినా చిరాకు వచ్చినా ఆయన చేసేది అదే.

"బిజినెస్ అన్నావుగా," అన్నారు.

"రంగుల బిజినెస్, సార్."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "సోమవారం నుంచి దీపం నువ్వే వెయ్యి. అందరికంటే ముందు రావాలి మరి."

*

సోమవారం ఆమె ఎంత ముందు వచ్చిందంటే, గేటు దగ్గర వాచ్‌మన్ ఇంకా టీ తాగుతున్నాడు. చీకటి గది తలుపు తీసి, ఫ్లోరో స్విచ్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. నొక్కింది. లోపల టక్కుమని చప్పుడైంది, దీపం వెలిగింది. అది నిలకడగా వెలిగే దాకా ఆగాలి. ఆగింది. గదిలో తనొక్కతే ఉంది కాబట్టి, కుర్చీలో ఒకసారి గుండ్రంగా తిరిగింది.

తర్వాత సంచిలోంచి ఒక గుడ్డపీలిక తీసింది. ఆమె ఫోనులో చూపించిన ఫొటో చూసి, ఆదివారమంతా కూర్చుని, డబ్బాలన్నీ తిరగేసి అబ్దుల్ గనీ తయారు చేసిన ఆకుపచ్చ అది. "ఇగ సూడు, నా డబ్బాల్ల ఉన్నదో లేదో," అని చేతిలో పెట్టాడు. సమీరా గాజు గొట్టంలో రంగు పోసి, డీఎన్ఏ చుక్క వేసి, నీలం టార్చి వెలిగించింది. ఆకుపచ్చ భగ్గుమంది. ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో పీలికను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తెర కొంచెం జరిపి ఎండలో చూసింది. మళ్లీ గొట్టం వైపు చూసింది. మళ్లీ ఎండలోకి.

ఫోను చేసింది.

"దగ్గరికి వచ్చిండ్రబ్బా. జెర పసుపు తక్కువున్నది."

అవతల బగోనలో కర్ర తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. "ఎండల చూసినవా?"

"చూసిన."

"పసుపేస్త. పట్టకపోతే ఉప్పెయ్యాల్నా, వద్దా? నువ్వు చెప్పినంక నాకు పరేషానయింది."

"మీరు వెయ్యిండ్రి అబ్బా," అంది సమీరా నవ్వుతూ. "చెప్పకుండ వేసుడే మా దగ్గర వద్దన్నరు."